విశాఖ తీరంలో నౌకాదళ స్మారకం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో అయిదింటికి సంబంధం ఒకే విషయంతో ఉంది. 1971 యుద్ధపు నౌకాదళ స్మారకాన్ని చూడడానికి ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెళ్లాలి, అక్కడ ఏం చూడాలి అని మన సీమ జిల్లాల పాఠకులు అడిగారు. సముద్రానికి ఇంత దూరాన ఉన్న మనకు విశాఖపట్నం సాధారణంగా పెళ్లికో, పరీక్షకో, ఉద్యోగానికో వెళ్లే ఊరు. వచ్చిన పని అయ్యాక మిగిలిన సాయంత్రం బీచికి వెళ్లి, అక్కడ ప్రదర్శనకు నిలిపిన కురుసుర జలాంతర్గామి ముందు ఫొటో దిగి రైలెక్కడం అలవాటు. వీరు మాత్రం స్మారకం కోసమే ప్రయాణం పెట్టుకుంటున్నారు కాబట్టి కొంచెం వివరంగానే జవాబు చెబుతున్నాను.

ప్రశ్న: మా చిన్నాయన 1971 యుద్ధ కాలంలో నావికుడిగా విశాఖలో పని చేశారు. సర్వీసు ముగిసిన తరువాత ఊరికి తిరిగి వచ్చి సేద్యంలో పడిపోయారు. ఇప్పుడు ఆయనకు 77 ఏళ్లు, చేతికర్ర లేనిదే నడవలేరు. బీచిలో కట్టిన స్మారకాన్ని ఆయన ఇంతవరకు చూడలేదు. ఒక్కసారి తీసుకుపోరా అని నన్ను అడిగారు. డిసెంబరు 4వ తేదీనే వెళ్లాలా? మా ఊరి నుంచి సులువైన దారి ఏది? ఆయన జలాంతర్గామి లోపలికి వెళ్లగలరా? – ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: ముందు తేదీ సంగతి చూద్దాం. డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం. 1971లో ఆ రాత్రి మన క్షిపణి పడవలు నిపాత్, నిర్ఘాత్, వీర్ కరాచీ రేవు మీద దాడి చేశాయి. ఆపరేషన్ ట్రైడెంట్ అని పేరు పెట్టిన ఆ దాడికి గుర్తుగానే ఆ తేదీని ఎంచుకున్నారు. ఏటా ఆ రోజు విశాఖ బీచ్ రోడ్డులోని ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం దగ్గర తూర్పు నౌకాదళం తరఫున పుష్పగుచ్ఛాలు ఉంచి నివాళి అర్పిస్తారు. ఈ నివాళినీ, యుద్ధనౌకలు, హెలికాప్టర్లు, మెరైన్ కమాండోలు జనం ముందు చేసే విన్యాసాలనూ చాలామంది ఒకటే అనుకుంటారు. కానీ రెండూ వేరు. విన్యాసాలు ప్రతి సంవత్సరం విశాఖలోనే, అదే రోజున జరుగుతాయన్న నమ్మకంతో టికెట్టు తీసుకోవద్దు. 2022లో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము సమక్షంలో డిసెంబరు 4న విశాఖలోనే జరిగాయి. 2023లో మహారాష్ట్రలోని సింధుదుర్గ్‌కు, 2024లో ఒడిశాలోని పూరీకి మారాయి. ఆ పూరీ ప్రదర్శన తరువాత విశాఖ వాసుల కోసం 2025 జనవరి 4న విడిగా మరొకటి నిర్వహించారు. కాబట్టి విన్యాసాలు చూడాలన్న కోరిక ఉంటే ఆ ఏటి ప్రకటన వచ్చేదాకా ఆగాలి.

నన్నడిగితే మీరు విన్యాసాల రోజును తప్పించుకోవడమే మేలంటాను. ఆ పూట బీచ్ రోడ్డు మీదికి వాహనాలను రానివ్వరు, ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. చేతికర్రతో నడిచే పెద్దాయనను ఆ తొక్కిసలాటలో గంటల తరబడి నిలబెడితే ఆయన చూసేది ముందువాడి వీపు మాత్రమే. నివాళి కార్యక్రమంలో పాల్గొనాలని ఆయనే కోరుకుంటే అది వేరే సంగతి. మాజీ నావికుడిగా ఆయనకు ఆ గౌరవం తగినదే. అందుకు నెలరోజుల ముందుగానే కర్నూలులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి, ఆయన డిశ్చార్జి పుస్తకం, మాజీ సైనికుల గుర్తింపు కార్డు చూపించి, విశాఖలో ఎవరిని సంప్రదించాలో తెలుసుకోండి. అనుమతి లేకుండా ఆ ఉదయం నేరుగా వెళ్లి కాపలా వారితో వాదులాడే పరిస్థితి తెచ్చుకోవద్దు.

ఏ కార్యక్రమంతోనూ నిమిత్తం లేకుండా వెళ్లేట్టయితే డిసెంబరు రెండో వారం నుంచి జనవరి చివరిదాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఆ తీరాన్ని ఏం చేసిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఎండాకాలంలో వెళ్లడం అసలే వద్దు. మన ఎండ ఎంత తీవ్రమైనా పొడి ఎండ, చెట్టు నీడకు చేరితే తెరిపి దొరుకుతుంది. విశాఖలో నీడలో కూర్చున్నా చొక్కా తడిసిపోతుంది. ఆ ఉక్కపోత మన పెద్దవాళ్లకు పడదు.

దారి విషయానికి వస్తే, బెంగళూరు నుంచి భువనేశ్వర్ వెళ్లే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ అనంతపురం, గుంతకల్లు, డోన్, నంద్యాల, గుంటూరు, విజయవాడ మీదుగా విశాఖ చేరుతుంది. ఆదోని నుంచి గుంతకల్లుకు వచ్చి ఆ రైలెక్కితే మధ్యలో బండి మారే పని ఉండదు. ప్రయాణం రాత్రంతా సాగుతుంది కాబట్టి ఆయనకు కింది బెర్తు వచ్చేట్టు ముందుగానే చూసుకోండి. కర్నూలు పట్నంవారు డోన్‌లో ఇదే రైలు అందుకోవచ్చు. కడపవారికి తిరుమల ఎక్స్‌ప్రెస్ ఉంది. కర్నూలు దగ్గరి ఓర్వకల్లు నుంచి విశాఖకు 2021లో విమానం మొదలైంది గానీ, ఇలాంటి చిన్న విమానాశ్రయాల సర్వీసులు కొన్నాళ్లు నడుస్తాయి, కొన్నాళ్లు ఆగుతాయి. వెళ్లే నెలలో ఉందో లేదో చూసుకున్నాకే దాని మీద ఆశ పెట్టుకోండి.

చేరిన రోజు ఆయనను విశ్రాంతి తీసుకోనివ్వండి. మరునాడు తెల్లవారుజామునే స్మారకం దగ్గరికి వెళ్లండి. ఉదయం నడకకు వచ్చేవారి కోసం బీచ్ రోడ్డులో కొంత దూరం వాహనాలను ఆపుతారు కాబట్టి ఆటోను ఎక్కడిదాకా రానిస్తారో ముందు రోజు సాయంత్రమే బసలో అడిగి ఉంచుకోండి. 1996లో కట్టిన ఆ స్మారకం పెద్ద కట్టడమేమీ కాదు. అక్కడ నిలిపిన ఆయుధాలను, శిలాఫలకాలను చూడడానికి పదిహేను నిమిషాలు చాలు. కానీ మీరు గంటన్నర సమయం పెట్టుకోండి. నేల మీద పోరాడి చనిపోయినవారికి సమాధో, దహనభూమో, కనీసం పడిపోయిన చోటో ఉంటుంది. సముద్రంలో పోయినవారికి అదీ ఉండదు. నౌకాదళ స్మారకాలను ఒడ్డున కట్టేది అందుకే. అక్కడ చూడవలసినదంతా స్మారకానికి అవతల, నీళ్ల మీద ఉంటుంది. మీ చిన్నాయన తనంతట తాను సముద్రం వైపు తిరిగి కూర్చుంటారు, చూడండి. ఆ సమయంలో ఫొటోలు అడగవద్దు. ఆయన దగ్గర 1971 యుద్ధ సేవకు ఇచ్చిన పూర్వీ స్టార్, సంగ్రామ్ పతకం ఉంటే పెట్టె అడుగు నుంచి తీయించి, ఆ ఉదయం ఎడమ వైపు గుండె మీద పెట్టుకోమనండి. చాలామంది మాజీ సైనికులు అడిగితే గానీ వాటిని బయటికి తీయరు.

జలాంతర్గామి కురుసుర సంగతి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. 91 మీటర్ల పొడవున్న ఆ జలాంతర్గామి 1969 డిసెంబరు 18న నౌకాదళంలో చేరి, 31 ఏళ్లు పని చేసి, 2001 ఫిబ్రవరి 27న విరమించింది. దాన్ని ఇసుక మీదికి లాగి, పునాది మీద నిలబెట్టి 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా తెరిచారు. లోపలికి పోవడానికి ముందు మెట్లు ఎక్కాలి. అది పెద్ద కష్టం కాదు. కష్టమంతా గదికీ గదికీ మధ్య ఉండే ఇనుప ద్వారాలతోనే. అవి గుండ్రంగా, మన పాత ఇళ్లలోని గాదె మూతంత ఉంటాయి. ఒక కాలు ముందు అవతల పెట్టి, నడుము వంచి, తల దించి, పైనున్న చువ్వను పట్టుకుని, ఆ తరువాత రెండో కాలు లాక్కోవాలి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు తల దించడం మరిచి నుదురు కొట్టించుకున్నాను. అక్కడ వివరాలు చెప్పేవారు విరమించిన నావికులే. నా అవస్థ చూసి ఒకాయన నవ్వుతూ, మొదటి వారంలో ప్రతివాడికీ ఆ బొప్పి కట్టేదని ఓదార్చారు. మోకాళ్లు వంగని మనిషికి ఈ ద్వారాలు దాటడం ఇబ్బందే. లోపలికి దిగాక మధ్యలో వెనక్కి రావడం ఇంకా ఇబ్బంది, ఎందుకంటే వెనక జనం వరుసగా వస్తూనే ఉంటారు. కాబట్టి మెట్ల దగ్గరే అక్కడి సిబ్బందికి ఆయన మాజీ నావికుడని చెప్పి సలహా అడగండి. వెళ్లలేకపోతే బయట కూర్చోబెట్టి వారిలో ఒకరితో మాట్లాడించండి. ఆయనకు ఆ మాటలే ఎక్కువ తృప్తినివ్వవచ్చు.

ఇంకొక్క మాట. కురుసురకు సోమవారం సెలవు. మిగతా వారపు రోజుల్లో మధ్యాహ్నం తరువాతే తెరుస్తారు. నేను ఈ ముక్క తెలుసుకోకుండా ఒక సోమవారం పొద్దున్నే పదిమందిని వెంటబెట్టుకుని వెళ్లి, మూసిన గేటు ముందు నిలబడి, ఇంట్లోవాళ్లతో మాటలు పడ్డాను.

ప్రశ్న: 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని మన జలాంతర్గామి ముంచిందని సినిమాలో చూపించారు. మా అధ్యాపకులు రాజ్‌పుత్ అనే నౌక ముంచిందన్నారు. పాకిస్తాన్ వారు అది దానంతటదే పేలిపోయిందంటున్నారు. మేం మిత్రులం ఆరుగురం సంక్రాంతి సెలవుల్లో విశాఖ వెళ్తున్నాం. స్మారకం ముందు నిలబడినప్పుడు ఏది నిజమని అనుకోవాలి? – డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: మీరు వెళ్లేముందే ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. సినిమాను పక్కన పెట్టండి. 2017 నాటి ఆ సినిమాలో చూపినట్టు మన జలాంతర్గామి ఏదీ ఘాజీతో నీటి అడుగున పోరాడలేదు. కురుసురే ఘాజీని ముంచిందని బీచిలో కొందరు పిల్లలకు చెబుతుంటారు, అదీ తప్పే. యుద్ధ కాలంలో కురుసుర గస్తీ తిరిగింది బంగాళాఖాతంలో కాదు, అరేబియా సముద్రంలో.

ఘాజీ అసలు అమెరికాలో తయారైంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో డయాబ్లో అనే పేరుతో అమెరికా నౌకాదళంలో చేరింది. 1964లో పాకిస్తాన్ చేతికి వచ్చింది. కరాచీ నుంచి బయలుదేరి, శ్రీలంక చుట్టి, బంగాళాఖాతం దాకా వచ్చి పని చేయగలిగిన పెద్ద జలాంతర్గామి అప్పట్లో పాకిస్తాన్ దగ్గర అదొక్కటే. 1971 నవంబరు 14న అది కరాచీ విడిచింది. దాని గురి మన విమానవాహక నౌక విక్రాంత్.

తూర్పు నౌకాదళ అధిపతిగా ఉన్న వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ పన్నిన ఎత్తు ఇక్కడే మొదలవుతుంది. జలాంతర్గాముల్లోనూ, మందుపాతరలు ఏరే నౌకల్లోనూ మాత్రమే వాడే ఒక కందెన నూనె గురించి అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని చిట్టగాంగ్ రేవుతో నడిచిన సందేశం మనవాళ్ల చెవిన పడింది. ఘాజీ బంగాళాఖాతం వైపు వస్తున్నదని దానితో అర్థమైంది. బాయిలరు దెబ్బతిని వేగం తగ్గిన విక్రాంత్‌ను రహస్యంగా అండమాన్ దీవులకు పంపేశారు. విశాఖ రేవులో మాత్రం విక్రాంత్ రాబోతున్నదన్నట్టు పెద్ద ఎత్తున కూరగాయలు, మాంసం, సరుకులు కావాలని కాంట్రాక్టర్లకు కబురు చేశారు. అంత సరుకు అడిగితే ఆ వార్త ఎవరి చెవిన పడాలో వారి చెవిన పడుతుందని మనవాళ్లకు తెలుసు. అంతటితో ఆగలేదు. విరమణకు దగ్గరపడిన పాత నౌక రాజ్‌పుత్‌ను విశాఖకు దూరంగా సముద్రంలో ఉంచి, అదే విక్రాంత్ అయినట్టు వైర్‌లెస్‌లో సందేశాలు పంపించారు. వాటిలో ఒకటి, జబ్బుతో ఉన్న తన తల్లి ఎలా ఉందో తెలుపమని ఒక నావికుడు ఇచ్చినట్టుగా అల్లిన సొంత తంతి. యుద్ధనౌక నుంచి అలాంటి తంతి మామూలుగా పోదు. శత్రువు వినాలనే దాన్ని పంపారు. ఈ కథలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది పేలుడు కాదు, ఆ లేని తల్లి జబ్బు.

డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన పశ్చిమ ప్రాంతపు విమానాశ్రయాలపై దాడి చేయడంతో యుద్ధం మొదలైంది. ఆ రాత్రి, అప్పటికి రేవుకు తిరిగి వచ్చి ఉన్న రాజ్‌పుత్ దీపాలు ఆర్పుకుని విశాఖ రేవు నుంచి బయలుదేరింది. దారి చూపే పైలట్‌ను దించిన కొద్దిసేపటికి ముందు నీళ్లలో ఏదో కదలిక కనిపించగానే, దాని కమాండరు ఇందర్ సింగ్ వేగం పెంచి డెప్త్ ఛార్జీలు రెండు వేయించారు. నిర్ణీత లోతుకు దిగాక పేలే బాంబులను డెప్త్ ఛార్జీలంటారు. అర్ధరాత్రి దాటాక వచ్చిన భారీ పేలుడుకు ఒడ్డున కిటికీల అద్దాలు అదిరాయి. తెల్లవారాక చేపల వేటకు వెళ్లిన జాలరులకు నీళ్ల మీద తేలుతున్న వస్తువులు దొరికాయి. తరువాత నీళ్లలోకి దిగినవారు అది ఘాజీయేనని ధ్రువీకరించారు.

భారత నౌకాదళం చెప్పేది రాజ్‌పుత్ దాడిలో ఘాజీ మునిగిందని. పాకిస్తాన్ నౌకాదళం చెప్పేది తాను పాతిన మందుపాతర వల్లనో, లోపల జరిగిన పేలుడు వల్లనో పోయిందని. రెండో వాదాన్ని కొట్టిపారేయడం తేలిక కాదు. డీజిల్ జలాంతర్గామి నీటి అడుగున బ్యాటరీలతోనే నడుస్తుంది, ఆ బ్యాటరీలను ఛార్జి చేసేటప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది, గాలి సరిగా బయటికి పోకపోతే ఒక్క నిప్పురవ్వ చాలు. కురుసుర లోపలికి వెళ్లినప్పుడు మీరు నడిచే నేల కింద బ్యాటరీల గది ఎక్కడుందో వివరాలు చెప్పేవారిని అడగండి. వందలాది సెల్లుల మీద పడుకుని, తిని, పని చేసే బతుకు ఎలాంటిదో అప్పుడు తెలుస్తుంది. నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను: ఘాజీని విక్రాంత్ లేని చోటికి రప్పించిన ఎత్తుగడ మనది, అందులో సందేహం లేదు, ఆఖరి పేలుడు దేనివల్ల జరిగిందన్న దాని మీద పందేలు కాయడం అనవసరం. ఏ కారణమైనా, కమాండరు జఫర్ మహమ్మద్ ఖాన్‌తో పాటు 90 మందికి పైగా నావికులు అందులోనే పోయారు. వారిలో ఒక్కరూ బతకలేదు. ఆ జలాంతర్గామి ఇప్పటికీ విశాఖ రేవుకు దగ్గరలోనే సముద్రం అడుగున ఉంది. ఆరుగురు కుర్రాళ్లు వెళ్తున్నారు, ఉత్సాహం ఉంటుంది, కేకలు వేయాలనిపిస్తుంది. స్మారకం దగ్గర మాత్రం కొంచెం తగ్గండి. మీరు చూసే నీళ్లలోనే వారి సమాధి ఉంది.

ప్రశ్న: మాకు ఎనిమిదేళ్ల పాప, పదకొండేళ్ల బాబు. విక్రాంత్‌ను చూడాలని బాబు పట్టు. విశాఖలో అది ఉందా? పిల్లలకు ఇంకేం చూపించవచ్చు? – ఒక గృహిణి, కడప

జవాబు: 1971 యుద్ధంలో పాల్గొన్న విక్రాంత్ ఎక్కడా లేదమ్మా. విరమించిన తరువాత కొన్నేళ్లు ముంబయిలో ప్రదర్శనశాలగా ఉంచి, చివరికి 2014లో విరగ్గొట్టడానికి ఇచ్చేశారు. ఇప్పుడు అదే పేరుతో ఉన్నది మన దేశంలోనే, కొచ్చిలో కట్టి, 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేర్చుకున్న కొత్త నౌక. అది పనిలో ఉన్న యుద్ధనౌక కాబట్టి వెళ్లి చూడగలిగేది కాదు. ఈ సంగతి బాబుకు రైలెక్కక ముందే చెప్పండి, అక్కడికి పోయాక చెబితే ఏడుపు మీరే భరించాలి.

దాని బదులు కురుసుర ఎదురుగా రోడ్డుకు ఆవలి పక్కన టీయూ-142 విమానం ఉంది. జలాంతర్గాములను వెతికి వేటాడే ఆ నాలుగింజన్ల విమానం 29 ఏళ్లు సేవ చేసి, 30 వేల గంటలు ప్రమాదమన్నది లేకుండా ఎగిరి, 2017 మార్చిలో అరక్కోణంలో విరమించింది. అదే ఏడాది డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ప్రదర్శనకు వచ్చింది. ముందు జలాంతర్గామి చూపించి, తరువాత దాన్ని వెతికే విమానం చూపిస్తే పిల్లలకు దాగుడుమూతల ఆట అంతా అర్థమైపోతుంది. తిరగేసి చూపిస్తే ఆ రుచి ఉండదు.

అదే రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఒక బాంబు ఉంది, దాన్ని తప్పకుండా చూపించండి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. నాడు విశాఖ మీద పడిన బాంబులలో ఒకటి అది. ఆ వార్తతో ఊరు సగం ఖాళీ అయి జనం పల్లెలకు పరుగెత్తిన కథలు కోస్తా ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మన వైపు ఆ యుద్ధమంటే రేషను, కరువు గుర్తుకొస్తాయి గానీ బాంబు గుర్తుకు రాదు. మీ పాపకు కురుసుర లోపల ఇరుకు భయం కలిగించవచ్చు, కాబట్టి బాబును ముందు నడవనిచ్చి మీరు పాప చేయి పట్టుకుని వెనక రండి. గుండ్రటి ద్వారాలు మాత్రం వారికి మీకన్నా సులువు.

ప్రశ్న: మా జేజినాయన నౌకాదళంలో ఉన్నప్పటి స్నేహితుడు ఒకాయన ఖుక్రీ నౌకలో మునిగిపోయారని ఇంట్లో చెబుతారు. విశాఖ స్మారకంలో ఆయన పేరు ఉంటుందా? – ప్రొద్దుటూరు

జవాబు: పేరు చూడాలన్నదే మీ కోరికైతే విశాఖ కన్నా న్యూఢిల్లీకి వెళ్లడం మంచిది. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో స్వాతంత్ర్యానంతర యుద్ధాలలో ప్రాణాలిచ్చిన త్రివిధ దళాల వారి పేర్లు వలయాకారపు గోడల్లో రాతి పలకల మీద చెక్కి ఉన్నాయి. వెళ్లేముందు ఆయన పూర్తి పేరు, హోదా, వీలైతే సర్వీసు నంబరు రాసి ఉంచుకోండి. ఇంట్లో పిలిచే పేరుకూ దళంలో నమోదైన పేరుకూ పొంతన ఉండదు. మన వైపు ఇంటిపేరు ముందు రాస్తాం, అక్కడ ఎటు రాశారో తెలియదు.

ఖుక్రీ కోసమే కట్టిన స్మారకం పశ్చిమ తీరంలో, గుజరాత్ పక్కనున్న దీవ్‌లో ఉంది. 1971 డిసెంబరు 9 రాత్రి దీవ్ తీరానికి దూరంగా పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ వేసిన టార్పెడోకు ఖుక్రీ నిమిషాల్లో మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు చనిపోయారు. స్వతంత్ర భారతదేశం యుద్ధంలో పోగొట్టుకున్న యుద్ధనౌక అదొక్కటే. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన మనుషులను ప్రాణాలు దక్కించుకొమ్మని పంపి, తాను నౌకను విడవకుండా దానితోనే మునిగారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. దీవ్‌లో సముద్రానికి ఎదురుగా చిన్న గుట్ట మీద, అద్దాల గదిలో ఆ నౌక నమూనా ఉంటుంది. ఆ పేరుతోనే తరువాత వచ్చిన మరో ఖుక్రీని 2021 డిసెంబరులో విరమింపజేసి, ప్రదర్శనశాలగా నిలపడానికి దీవ్‌కే అప్పగించారు.

మీకు ప్రయాణం పొడుగే. కడప నుంచో గుంతకల్లు నుంచో ముంబయి చేరి, అక్కడ బాంద్రా టెర్మినస్ నుంచి వేరావల్ రైలెక్కి, ఆపైన రోడ్డు మార్గంలో దీవ్ చేరాలి. వేరావల్ పక్కనే సోమనాథ్ ఉంది కాబట్టి ఇంట్లో పెద్దవారిని ఒప్పించడం మాత్రం కష్టం కాకపోవచ్చు. అయితే సోమనాథ దర్శనం చేసుకుని దీవ్‌ను హడావుడిగా గంటలో ముగించే పద్ధతి వద్దు. ఒక రాత్రి దీవ్‌లోనే బస చేసి, పొద్దువాలే వేళ గుట్ట ఎక్కండి. నౌక మునిగింది ఆ పడమటి నీళ్లలోనే.

ప్రశ్న: స్మారకం దగ్గర మేం సొంతంగా పూలు పెట్టవచ్చా? ఫొటోలు తీసుకోవచ్చా? – గుత్తి

జవాబు: కార్యక్రమం లేని రోజుల్లో ఫొటోలకు ఇబ్బంది ఉండదు; ఆయుధాల మీదికి ఎక్కి దిగకండి. పూలు పెట్టాలనుకుంటే కాపలా మనిషిని ఒక మాట అడిగి, చూపిన చోట పెట్టండి. ప్లాస్టిక్ చుట్టిన గుత్తులు తీసుకుపోవద్దు, అవి సాయంత్రానికి గాలికి ఎగిరి సముద్రంలో పడతాయి. విడి బంతిపూలు, చేమంతులు చాలు. ఊరి మార్కెట్లో తెల్లవారుజామునే దొరుకుతాయి, బీచిలో ఆ వేళకు దొరకవు.